గ్రహణం రోజు సాయంత్రం 5:52: మిల్లు చెయ్యని ఫోన్ కాల్

2022 నవంబర్ 7, సోమవారం. పొద్దున్నే మిర్యాలగూడ నుంచి ఫోన్. అంతకు మూడేళ్ల ముందు నేను ఫోన్ సిస్టమ్ పెట్టిన రైస్ మిల్లు గుమాస్తా మాట్లాడుతున్నాడు.

"అన్నా, మేం ఎవ్వరికీ ఫోన్ చెయ్యలే. శనివారం నుంచి ఎవరెవరో ఫోన్ చేసి, ఇందాక మీ నెంబర్ నుంచే కాల్ వచ్చింది, ఎవరు మీరు అంటున్నరు. కొందరైతే బూతులు తిడుతున్నరు. ఒక్కసారి వచ్చి చూడన్నా."

నాకు నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర చిన్న షాపు ఉంది. ఇంటర్‌కమ్‌లు, సీసీ కెమెరాలు, ఆఫీసులకు నెట్‌వర్క్ వైరింగ్, ఇదే నా పని. మునుగోడు ఉప ఎన్నిక పోలింగ్ అయ్యి అప్పటికి నాలుగు రోజులే. అంతకు ముందు నెల రోజులు జిల్లాలో అందరి ఫోన్లూ రికార్డెడ్ కాల్స్‌తో మోగుతూనే ఉన్నాయి. ఇదీ అలాంటి గందరగోళమే అయి ఉంటుంది, వీలు చూసుకుని వెళ్దాంలే అనుకున్నాను. వెళ్లింది 9వ తేదీన. ఆ రెండు రోజుల మధ్య ఏం జరిగిందో తర్వాత తెలిసింది. సోమవారమే వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ముందు ఆ మిల్లు ఫోన్ల సంగతి. గేటు, వేబ్రిడ్జి, ఆఫీసు, గోదాము, సేటు ఇల్లు, మొత్తం ఐదు ఫోన్లు. మధ్యలో ఆస్టెరిస్క్ మీద నడిచే చిన్న పీబీఎక్స్ పెట్టె, అంటే ఆఫీసు లోపలి సొంత ఫోన్ ఎక్స్ఛేంజ్. ఆస్టెరిస్క్ అంటే 1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. మామూలు కంప్యూటర్‌ను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌గా మార్చేస్తుంది. మిల్లుకు ఇరవై ఏళ్లకు పైగా ఉన్న లాండ్‌లైన్‌ను రాగి తీగ నుంచి ఫైబర్ మీదకు మార్పించి, అదే నెంబర్‌ను సిప్ ట్రంక్‌గా, అంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్ లైనుగా ఈ పెట్టెకు కలిపాను. అంటే బయటికి వెళ్లే కాల్ కూడా ఇంటర్నెట్ ప్యాకెట్లుగానే కంపెనీ దాకా పోతుంది. నెంబర్ మార్చుకుందామా అని అప్పట్లో అడిగితే సేటు ఒప్పుకోలేదు. ఖాళీ బియ్యం బస్తా ఒకటి తెచ్చి నా ముందు పరిచాడు. బ్రాండు బొమ్మ కింద ఎర్ర ఇంకుతో అదే నెంబర్. "ఈ బస్తా ఏ ఊర్ల దుకాణంలో ఉన్నదో నాకే తెల్వదు. నెంబర్ ఎట్ల మారుస్త?" అన్నాడు.

ఆ నెంబర్‌లో ఒక విషయం ఉంది. మిర్యాలగూడ ఎస్టీడీ కోడ్ 08689. మొబైల్‌లో కాల్ వచ్చినప్పుడు ముందు సున్నా పోయి +91 చేరుతుంది. 8689, దాని వెనక ఆరు అంకెలు, మొత్తం పది. ఈ కాలం పిల్లలు చూస్తే మామూలు సెల్ నెంబర్ అనుకుంటారు. ఎస్టీడీ బూత్‌ల కాలం మనుషులు చూస్తే మిర్యాలగూడ ఆఫీసు ఏదో చేస్తోంది అనుకుంటారు. ఈ రెండో రకం మనుషులకే ఎక్కువ దెబ్బ తగిలింది.

నేను చేసిన పొరపాటు

9వ తేదీ బుధవారం బండి మీద వెళ్లాను. వేములపల్లి దాటాక రోడ్డు పక్కన వడ్ల ట్రాక్టర్ల వరస. సీజన్ మంచి జోరు మీదుంది. మిల్లులో ఫోన్ మోగితే గుమాస్తా ఎత్తడానికే జంకుతున్నాడు.

మొదట సీడీఆర్ చూశాను. సీడీఆర్ అంటే కాల్ లెక్కల పుస్తకం. ఏ తేదీ, ఏ టైమ్, ఎవరి నుంచి ఎవరికి, ఎన్ని సెకన్లు, కలిసిందా లేదా, ప్రతి కాల్‌కూ ఒక లైను పడుతుంది. తిట్టినవాళ్లలో ఇద్దరి నెంబర్లు గుమాస్తా రాసి పెట్టాడు. ఆ నెంబర్లకు మా పెట్టె నుంచి కాల్ వెళ్లినట్టు ఒక్క లైను కూడా లేదు.

తర్వాత సెక్యూరిటీ లాగ్ తెరిస్తే గుండె ఝల్లుమంది. బయట దేశాల ఐపీ అడ్రసుల నుంచి ఎవరో ఎడతెగకుండా లాగిన్ అవడానికి ప్రయత్నిస్తున్నారు. ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్ నెంబర్) 100, పాస్‌వర్డ్ తప్పు. 101, తప్పు. 102, తప్పు. పేజీలకు పేజీలు. ఆరా తీస్తే తెలిసింది. సేటు కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. మిల్లు ఎక్స్‌టెన్షన్ తన సెల్‌లో మోగాలని అడిగితే, ఎవరో వచ్చి రౌటర్‌లో 5060 పోర్టును, అంటే నెట్‌వర్క్‌లో తలుపు లాంటి దాన్ని, బయటి ప్రపంచానికి తెరిచి పోయారట. సిప్ మామూలుగా వాడే పోర్టు అదే. ఇంటర్నెట్‌లో ఆ పోర్టు తెరిచి ఉన్న పెట్టెల కోసం వెతికే ప్రోగ్రాములు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి.

అక్కడే తొందరపడ్డాను. పెట్టెలోకి దొంగ వచ్చాడు, కాల్స్ చేశాడు, పోతూ పోతూ సీడీఆర్‌లో లైన్లు చెరిపేశాడు అని లెక్కగట్టుకున్నాను. సేటుతో "మన పెట్టె హ్యాక్ అయింది" అనేశాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?" నాకు, ఆయన కొడుక్కి, గుమాస్తాకు. సేటు గుమాస్తా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. పద్దెనిమిదేళ్లుగా ఆ మిల్లులో పని చేస్తున్న మనిషి. తల దించుకుని లెడ్జర్ మూసేసి బయటికి వెళ్లిపోయాడు. రుజువు లేకుండా నేనన్న ఒక్క మాటకు ఆయన ఆ చూపు పడాల్సి వచ్చింది.

హాలియా సారు

మర్నాడు పోర్టు మూసే పని మీద మళ్లీ మిల్లులోనే ఉన్నాను. పదిన్నర ప్రాంతంలో ఒక పెద్దమనిషి గేటు దగ్గరికి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో బ్యాంకు పాస్‌బుక్కు, ఒక కరెంటు బిల్లు, చార్జర్. హాలియా నుంచి మొదటి బస్సుకు బయల్దేరాడట. రిటైరైన స్కూల్ టీచరు. తనకు వచ్చిన నెంబర్‌కు తిరిగి ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తి "ఇది మిర్యాలగూడ రైస్ మిల్లు సారూ" అన్నాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని మిల్లు పేరు అడుక్కుంటూ వచ్చాడు.

ఆయన గొడవ పడలేదు. కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి, మెల్లగా అన్నాడు: "బిడ్డా, మంగళారం గ్రహణం పట్టిన యాళ్ల. ఇంట్ల అందరం ముడుచుకుని కూసున్నం. ఫోన్ మోగింది. 8689 అని కనవడ్డది. మన జిల్లా కోడ్లన్నీ నాకు నోటికొస్తయ్. మిర్యాలగూడ కరెంటాఫీసే అనుకున్న. పోయిన నెల బిల్లు ఎక్కలేదు, రాత్రి తొమ్మిదిన్నరకు లైను కట్ చేస్తం అన్నరు. ఒక యాప్ ఎక్కించుకుని పది రూపాయలు కట్టుమన్నరు."

పది రూపాయలకు మూడు విడతల్లో ముప్పై ఎనిమిది వేలు పోయాయి. ఆ యాప్ ఆయన ఫోన్ తెరను అవతలివాడికి చూపిస్తుంది. ఆయన టైప్ చేసిన పిన్ వాడి కళ్ల ముందే ఉంది. 2022లో ఈ కరెంటు బిల్లు మోసం దేశమంతా నడిచింది. కానీ ఆయనను నమ్మించింది ఆ మాటలు కాదు. తెర మీద కనపడ్డ ఆ నాలుగు అంకెలు.

అక్కడి నుంచే 1930కి ఫోన్ చేయించాను. సైబర్ మోసాల్లో పోయిన డబ్బు కోసం ఉన్న హెల్ప్‌లైన్ అది. ఫిర్యాదు వెంటనే అందితే డబ్బు చేరిన ఖాతాను బ్యాంకు ఆపగలుగుతుంది. అప్పటికే దాదాపు రెండు రోజులు గడిచాయి. ఆ ఖాతా ఖాళీ. డబ్బు రాలేదు.

ఫిర్యాదులో రాయడానికి కాల్ వివరాలు కావాలి. ఆయన కాల్ లిస్టు తెరిచి స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. నవంబర్ 8, సాయంత్రం 5:52, ఇన్‌కమింగ్, 11 నిమిషాలు. నేను ఆ టైమ్ పైకి చదువుతుంటే తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తా అన్నాడు:

"అన్నా, గ్రహణం రోజా? ఆ రోజు పగటీలే మెయిన్ బంద్ చేసి తాళం వేసినం గదా."

ఆ రోజు కార్తీక పౌర్ణమి. సంపూర్ణ చంద్రగ్రహణం. మన దగ్గర చంద్రుడు గ్రహణంతోనే ఉదయించాడు. సేటుకు ఆచారం పట్టింపు. మధ్యాహ్నమే హమాలీలను పంపేసి, ఆఫీసు మెయిన్ తీసేసి, యూపీఎస్ కూడా ఆపి ఇంటికి వెళ్లారు.

లాగ్ మళ్లీ తెరిచాను. ఈసారి బయటివాళ్ల ప్రయత్నాల కోసం కాదు, పెట్టె ఎప్పుడు బతికుందో చూడటానికి. 8వ తేదీ చివరి లైను మధ్యాహ్నం 1:07. దాని కిందే 9వ తేదీ ఉదయం 7:41కి పెట్టె మళ్లీ ఆన్ అయిన లైను. మధ్యలో పద్దెనిమిదిన్నర గంటలు ఏమీ లేదు. ఫైబర్ పెట్టెకు కూడా కరెంటు అదే యూపీఎస్ నుంచి. అంటే సారుకు ఫోన్ మోగిన 5:52కి మిల్లులో ఫోన్ అనేదే బతికి లేదు.

దొంగ ఏదైనా చెరపగలడేమో కానీ కరెంటు లేని పెట్టె నుంచి కాల్ చెయ్యలేడు. లాగిన్ కోసం కొట్టిన వేల దెబ్బల్లో ఒక్కటీ తలుపు తీయలేదని తర్వాత తీరిగ్గా చూసి నిర్ధారించుకున్నాను. తెరిచిన పోర్టు ఒక ప్రమాదం, ఈ కాల్స్ ఇంకొకటి. రెండూ ఒకే రోజు కళ్లబడేసరికి నేను ముడిపెట్టేశాను. సేటు ముందే గుమాస్తాకు క్షమాపణ చెప్పాను.

నెంబర్ ఎవరు రాస్తారు?

"మా ఫోన్ బంద్ ఉంటే మా నెంబర్ ఎట్ల వోయింది?" అన్నాడు సేటు. ఈ ప్రశ్నకు ఆయనకు అర్థమయ్యేలా జవాబు చెప్పడానికి వేబ్రిడ్జి చిట్టీయే పనికొచ్చింది.

మిల్లు గేటు దగ్గర ట్రాక్టర్ ఆగగానే గేటు మనిషి డ్రైవర్‌ను అడిగి చిట్టీ మీద ఊరి పేరు, రైతు పేరు రాస్తాడు. కాంటా దగ్గర ఆ చిట్టీ చూసే బరువు వేస్తారు. ఆఫీసులో ఆ చిట్టీ చూసే లెడ్జర్‌లో ఎక్కిస్తారు. గేటు దగ్గర పట్టా పాస్‌బుక్ చూసి రాస్తే లోపల అన్ని పుస్తకాలూ సరిగ్గా ఉంటాయి. డ్రైవర్ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటే, ఆ తప్పే ఐదు పుస్తకాల్లో చక్కటి అక్షరాలతో ఎక్కుతుంది.

ఫోన్ కాల్ కూడా అంతే. ఇంటర్నెట్ ఫోన్లు ఎక్కువగా వాడే భాష సిప్. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని ప్రమాణం 2002 నాటిది. కాల్ మొదలవ్వాలంటే మన పెట్టె ఇన్వైట్ అనే ఒక చిన్న సందేశం పంపుతుంది. అది చదవగలిగే మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. ఎవరికి అనేది ఒక లైను, ఎవరి నుంచి అనేది ఒక లైను. అవతలి నుంచి ట్రయింగ్, తర్వాత రింగింగ్, ఫోన్ ఎత్తితే ఓకే. అక్కడి నుంచి మాట వేరే దారిలో వెళ్తుంది. సెకనులో యాభయ్యో వంతు మాటను ఒక ప్యాకెట్‌లో మూటగట్టి, సెకనుకు యాభై మూటల లెక్కన పంపిస్తారు. కాల్ కుదిర్చే సందేశాల దారి, మాట నడిచే దారి ఒకటి కానక్కర్లేదు.

ఎవరికి అనే లైను తప్పయితే కాల్ చేరదు కాబట్టి దాన్ని అందరూ జాగ్రత్తగా చదువుతారు. ముందు అంకెలను బట్టి ఏ ఊరు, ఏ కంపెనీ అని చూస్తారు. సెల్ నెంబర్ అయితే పోర్ట్ అయిందేమో అని డేటాబేస్‌ను అడుగుతారు. మన దేశంలో 2011 జనవరి నుంచి నెంబర్ మార్చకుండానే కంపెనీ మారొచ్చు కాబట్టి అంకెలు చూసి కంపెనీ చెప్పలేం. ఎవరి నుంచి అనే లైను మాత్రం దారి వెతకడానికి అక్కర్లేదు. అందులో ఏముందో ఎవరూ పట్టించుకోకపోయినా కాల్ చక్కగా చేరుతుంది. ఈ మోసం బతుకుతున్నది ఈ ఒక్క సందులోనే.

ఆ లైను రాసేది కాల్ పంపేవాడి పెట్టె. దాన్ని సరిచూడాల్సిన గేటు మనిషి, ఆ పెట్టెకు లైను ఇచ్చిన కంపెనీ. ఈ కస్టమర్‌కు ఇచ్చిన నెంబర్లు ఇవి, వీటిలో లేని నెంబర్ వస్తే కొట్టేసి అసలు నెంబర్ రాయి అనే కట్టుబాటు వాళ్ల దగ్గర ఉండాలి. ముప్పై కాల్స్ ఒకేసారి నడిచే పాత పీఆర్ఐ లైన్లలో కూడా ఇదే పద్ధతి. కంపెనీ తాను నిర్ధారించుకున్న నెంబర్‌ను విడిగా రాసి పంపడానికి సిప్‌లో ఇంకో లైను కూడా ఉంది. దాన్ని పి-అసర్టెడ్-ఐడెంటిటీ అంటారు. ఒకరినొకరు నమ్మే కంపెనీల మధ్యే దానికి విలువ.

మన మిల్లు లైనుకు గేటు మనిషి ఉన్నాడా లేడా? నోటి మాట కాకుండా చేసి చూపించాను. పెట్టెలో మిల్లు నెంబర్ ఉండాల్సిన చోట నా సొంత సెల్ నెంబర్ పెట్టి, నా రెండో ఫోన్‌కే కాల్ చేశాను. తెర మీద పడింది మిల్లు నెంబరే. కంపెనీ నా రాతను కొట్టేసింది. తర్వాత బయటికి పోకుండా, అదే మార్పుతో గేటు ఫోన్ నుంచి ఆఫీసు ఫోన్‌కు చేశాను. అక్కడ అడ్డుకునేవాడు లేడు. ఆఫీసు ఫోన్ బుల్లి తెర మీద నా సెల్ నెంబర్ మెరిసింది. నా సెల్ మాత్రం బల్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. సేటు రెండింటినీ మార్చి మార్చి చూశాడు. హాలియా సారు ముందుకు వంగి, కళ్లజోడు సర్దుకుని ఆ అంకెలు ఒక్కొక్కటే చదివాడు.

మరి సారుకు వచ్చిన కాల్‌లో గేటు ఎక్కడ తప్పింది? బయటి దేశాల్లో నిమిషాల లెక్కన కాల్స్ అమ్ముకునే హోల్‌సేల్ వ్యాపారం ఉంది. ఎవరు తక్కువకు మోస్తారో చూసి కాల్‌ను వాళ్లకు ఇస్తారు. వాళ్లు ఇంకొకరికి ఇస్తారు. వడ్లు ఐదుగురు దళారుల చేతులు మారాక లారీలో ఏ చేను వడ్లు ఉన్నాయో ఎవరు చెప్తారు? మొదటి చేతిలో ఎవడో 8689 అని రాశాడు, తర్వాతి వాళ్లందరూ దాన్నే ఎక్కించారు. అలా అది మన దేశపు గేట్‌వే, అంటే విదేశీ కాల్స్ మన దగ్గర దిగే చోటు, దాటి సారు సెల్ మీద మోగింది. ఆయన తిరిగి ఫోన్ చేస్తే మాత్రం ఎవరికి అనే లైనులో మిల్లు నెంబర్ ఉంది కాబట్టి, కాల్ నిజాయితీగా మిల్లుకే వచ్చింది. వచ్చిన కాల్ ఒక చోటి నుంచి, తిరిగి చేసిన కాల్ ఇంకో చోటికి. తిట్లన్నీ గుమాస్తాకు.

సేటు కొడుకు సెల్‌లో వింటున్నాడు. క్యాబ్ బుక్ చేస్తే డ్రైవర్‌కు నా నెంబర్ కనపడదు కదా, అదీ ఇదేనా అని అడిగాడు. మంచి ప్రశ్న. అది మాస్కింగ్. అక్కడ రెండు కాల్స్ ఉంటాయి. డ్రైవర్ కంపెనీ నెంబర్‌కు చేస్తాడు, కంపెనీ పెట్టె మనకు ఇంకో కాల్ చేసి రెంటినీ కలుపుతుంది. కనపడేది కంపెనీ తన పేరు మీద తీసుకున్న నెంబర్. గొడవ జరిగితే ఎవరు ఎవరితో మాట్లాడారో దాని దగ్గర లెక్క ఉంటుంది, అడిగితే జవాబు చెప్పాలి. ఇద్దరి నెంబర్లూ ఒకరికొకరు తెలియకుండా కాపాడే మంచి ఏర్పాటు. ఆడపిల్లలున్న ఇళ్లకు అది చాలా అవసరం. సారు విషయంలో జరిగింది స్పూఫింగ్. కనపడ్డ నెంబర్ సొంతదారుకు తన నెంబర్ వాడుకున్న సంగతే తెలియదు.

ఆనవాలు ఎవరి దగ్గర ఉంటుంది

ఈ కేసులో నేను కొత్తగా నేర్చుకున్నది ఇదే. ఈ పనిలో ఉన్నవాళ్లు గట్టిగా గుర్తుపెట్టుకోవాలని కోరుకుంటున్నాను.

నెంబర్ దుర్వినియోగం అవుతోందని మిల్లుకు లైను ఇచ్చిన కంపెనీకి ఫిర్యాదు చేశాం. "మీ లైను నుంచి అలాంటి కాల్స్ వెళ్లలేదు" అని జవాబు. సేటుకు కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఆలోచిస్తే అది నిజమే. ఆ కాల్స్ వాళ్ల ఎక్స్ఛేంజ్ గడప తొక్కలేదు. ఇంక వాళ్ల దగ్గర లెక్క ఎలా ఉంటుంది? వాళ్లు ఇవ్వగలిగింది ఒక్కటే, మన లైను నుంచి వెళ్లిన కాల్స్ పట్టీ. అది తీసుకున్నాం. 8వ తేదీన మధ్యాహ్నం 12:40 తర్వాత ఒక్క కాల్ లేదు. మా సీడీఆర్‌తో అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

అసలు ఆనవాలు ఉండేది కాల్ అందుకున్న మనిషి కంపెనీ దగ్గర. ప్రతి కంపెనీ తన దగ్గరికి వచ్చిన కాల్ ఏ ట్రంక్ మీద వచ్చిందో, అంటే ఏ పక్క కంపెనీ తలుపు నుంచి దిగిందో రాసుకుంటుంది. నెంబర్ అబద్ధం కావచ్చు, వచ్చిన తలుపు అబద్ధం కాదు. అక్కడి నుంచి వెనక్కి ఒక్కో చేయి పట్టుకుని వెళ్లాలి. ఆ లెక్క మామూలు మనుషులు అడిగితే ఇవ్వరు, పోలీసులు అడగాలి. పోలీసులు అడగాలంటే కాల్ అందుకున్న మనిషి ఫిర్యాదు ఉండాలి. కాబట్టి మిల్లు ఎంత మొత్తుకున్నా సగం పనే. సారు లాంటివాళ్లు రాసిస్తేనే మిగతా సగం.

గుమాస్తా ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టాడు. తిట్టడానికి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరికీ ఓపిగ్గా విషయం చెప్పి, మీకు కాల్ వచ్చిన టైమ్ స్క్రీన్‌షాట్ తీసి పంపండి అని బతిమాలాడు. ఇరవై మూడు మంది పేర్లు రాశాడు, తొమ్మిది మంది పంపారు. వాటిలో మూడు గ్రహణం రోజు మధ్యాహ్నం 1:07 తర్వాతివే. ఆ మూడు స్క్రీన్‌షాట్లు, పెట్టె లాగ్‌లోని ఖాళీ, కంపెనీ ఇచ్చిన పట్టీ, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాసిచ్చాను. పెట్టె గడియారం సరైన టైమ్ చూపిస్తోందా అన్నది కూడా అందులో రాశాను. అది ఇంటర్నెట్ టైమ్‌తో సరిపోలుతోంది కాబట్టే ఆ కాగితానికి విలువ వచ్చింది. గడియారం పది నిమిషాలు తప్పుతున్న పీబీఎక్స్‌లు నేను చాలా చూశాను. అలాంటి లాగ్ ఎవరికీ పనికిరాదు.

సారు తన ఊళ్లో పోలీస్ స్టేషన్‌లో ఆ కాగితం జత చేసి ఫిర్యాదు ఇచ్చాడు. కొన్ని వారాల తర్వాత ఆయనే ఫోన్ చేసి చెప్పాడు. తన సెల్ కంపెనీ లెక్క ప్రకారం ఆ కాల్ అంతర్జాతీయ గేట్‌వే ట్రంక్ మీద దిగిందట. మిల్లుకు సంబంధం లేదని తేలిపోయింది. దొంగ దొరకలేదు.

మిల్లులో నేను చేసిన పని పెద్దగా చెప్పుకునేది కాదు. రౌటర్‌లో 5060 మూసేశాను. కంపెనీ ఐపీ తప్ప ఇంకెవరూ పెట్టెను పలకరించకుండా కట్టాను. కొడుకు సెల్‌కు వీపీఎన్ పెట్టాను, అంటే బయటివాళ్లు దూరలేని సొంత దారి. పాస్‌వర్డ్‌లు మార్చి పొడవుగా చేశాను. ఐఎస్‌డీ మూయించాను. ఆ తలుపు ఇంకొన్ని నెలలు తెరిచి ఉంటే ఎవడో ఒకడు దూరి రాత్రికి రాత్రి విదేశీ కాల్స్‌తో లక్షల బిల్లు చేసేవాడు. అది ఇంకో రకం మోసం, అందులో మిల్లు నిజంగానే డబ్బు కట్టుకోవాల్సి వచ్చేది.

తర్వాత మారినవి

బయటి దేశం నుంచి వచ్చే కాల్ మీద మన దేశపు లాండ్‌లైన్ నెంబర్ ఉంటే దాన్ని గేట్‌వే దగ్గరే ఆపొచ్చు. లాండ్‌లైన్ రోమింగ్‌లో విదేశాలకు పోదు కదా. టెలికాం శాఖ ఆదేశాలతో కంపెనీలు అలాంటి కాల్స్‌ను ఆపుతున్నాయని 2024 మేలో ఆ శాఖే చెప్పింది. సెల్ నెంబర్ల విషయం అంత సులువు కాదు. దుబాయ్ వెళ్లిన మనిషి తన ఇండియా సిమ్‌తో ఇంటికి ఫోన్ చేస్తే అదీ బయటి నుంచి వచ్చే +91 కాలే. ఈ సిమ్ నిజంగా ఇప్పుడు బయట తిరుగుతోందా అని దాని కంపెనీని అడిగి చూడాలి. దానికి కేంద్రీకృత వ్యవస్థ 2024 అక్టోబర్ 22న మొదలైంది. మొదటి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల కాల్స్ ఆపింది. భారతీయ నెంబర్లతో బయటి నుంచి వచ్చిన కాల్స్‌లో అవి దాదాపు 90 శాతం. ఆ అంకె చదివినప్పుడు నాకు హాలియా సారు చేతిలో ఉన్న ప్లాస్టిక్ కవరు గుర్తొచ్చింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం టెలికాం గుర్తింపులను మార్చి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పెట్టింది.

అమెరికాలో ఇంకో దారి పట్టారు. కాల్ బయల్దేరే చోటే కంపెనీ దాని మీద డిజిటల్ సంతకం పెట్టాలి. పెద్ద కంపెనీలకు 2021 జూన్ 30 నుంచి ఇది తప్పనిసరి. గేటు మనిషి చిట్టీ మీద స్టాంపు వేసినట్టే. మధ్యలో పాత తరహా ఎక్స్ఛేంజ్ ఒకటి తగిలితే ఆ స్టాంపు ఊడిపోతుంది, దాని చిక్కు అదే.

మోసగాళ్లు ఇప్పుడు ఎక్కువగా సిమ్ బాక్సుల వైపు తిరిగారు. ఒక పెట్టెలో పదుల కొద్దీ సిమ్‌లు పెడతారు. ఇంటర్నెట్ మీద విదేశం నుంచి వచ్చిన కాల్, ఆ సిమ్ నుంచి లోకల్ కాల్‌లా బయటికి పోతుంది. అక్కడ కనపడే నెంబర్ అబద్ధం కాదు, ఎవరి పేరు మీదో తీసుకున్న నిజమైన సిమ్. అందుకే మా షాపుకు వచ్చే ప్రతి ఒక్కరినీ టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో తమ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోమంటాను. చేతకాని పెద్దవాళ్లకు నేనే దగ్గర కూర్చుని చూపిస్తాను.

మిల్లుకు నేను చేసిన చివరి పని ఒకటుంది. ఆ నెంబర్‌కు ఎవరు ఫోన్ చేసినా గంట మోగే ముందు పన్నెండు సెకన్ల మాట వినపడుతుంది. హైదరాబాద్ నుంచి అమ్మాయి గొంతుతో రికార్డు చేయిద్దామా అని అడిగాను. సేటు వద్దన్నాడు. గుమాస్తాను పిలిచి, "నువ్వే చెప్పు, నిన్నే తిట్టిండ్రు గదా" అన్నాడు. మూడు సార్లు తడబడి నాలుగోసారి ఆయన చక్కగా చెప్పాడు:

"నమస్కారం. ఇది మిర్యాలగూడ రైస్ మిల్లు. మేం కరెంటు బిల్లు గురించి గానీ, బ్యాంకు గురించి గానీ ఎవ్వరికీ ఫోన్ చెయ్యం. మా నెంబర్‌తో మీకు అట్ల ఫోన్ వస్తే అది మాది కాదు. పైసలు పోతే ఆగకుండ 1930కి ఫోన్ చెయ్యండి."

కాల్స్ ఆ డిసెంబర్‌కే ఆగిపోయాయి. పోయిన సీజన్‌లో సర్వీసింగ్‌కు వెళ్లినప్పుడు ఇంక ఆ రికార్డింగ్ తీసేద్దామా అని అడిగాను. గుమాస్తా బస్తాల లెక్క రాసుకుంటూ తల ఎత్తకుండానే అన్నాడు: "ఉండనీయన్నా. వారానికి ఒకరన్న అది విని, మాకు గిట్ల ఫోన్ వచ్చింది ఏం చెయ్యాలె అని అడుగుతనే ఉన్నరు."